రంగం వెళ్లినవాళ్లు, గల్ఫ్ వెళ్తున్నవాళ్లు

విదేశం అనగానే ఇప్పుడు డల్లాస్, దుబాయ్ గుర్తొస్తాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల తాతముత్తాతలకు మాత్రం విదేశం అంటే రంగమే. బర్మాలోని రంగూన్ అన్నమాట, ఇప్పటి యాంగోన్. కళింగపట్నం, భీమునిపట్నం రేవుల్లో స్టీమరెక్కి బంగాళాఖాతం దాటి వేలమంది వెళ్లారు. ఓడల్లో బస్తాలు మోశారు, బియ్యం మిల్లుల్లో చెమటోడ్చారు. 1931 జనాభా లెక్కల నాటికి ఆ నగరంలో సగానికి మించి భారతీయులే.

నిజానికి అక్కడి జీవనం వీళ్లకు బొత్తిగా పరాయిది కాదు. వంశధార ఒడ్డున శాలిహుండం బౌద్ధ స్తూపాలు ఏనాడో పాడుబడ్డాయి. ఆ దాపున ఓడెక్కినవాడికి రంగంలో ష్వెడగోన్ పగోడా నిత్యపూజలతో కళకళలాడుతూ ఎదురైంది. చేపలు, రొయ్యలు పులియబెట్టి బర్మావాళ్లు చేసుకునే ఙపి వాసనకు, ఎండుచేపలతో పెరిగిన తీరంవాళ్లు ముక్కు మూసుకున్నారంటే నమ్మలేం. మన ఉగాది వెళ్లిన కొద్దిరోజులకే అక్కడ నీళ్లు చల్లుకుంటూ కొత్త సంవత్సరం, తింజాన్, జరుపుకుంటారు.

ఇన్ని పోలికలున్నా ఊరితో కలిసే అవకాశం కూలీకి దక్కలేదు. పని ఇప్పించేది మేస్త్రీ, అప్పు ఇచ్చేది మేస్త్రీ. బస ఇరుకు గదుల్లో తోటి తెలుగువాళ్లతోనే. పక్కవీధి బర్మావాడు ఎవరో తెలియదు. 1930 మేలో తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. కంపెనీలు వాళ్ల స్థానంలో బర్మా కూలీలను దించాయి. సమ్మె తీరగానే తెలుగువాళ్లను వెనక్కి పిలిచి, బర్మావాళ్లను పొమ్మన్నాయి. 26న అల్లర్లు రేగాయి, ఎందరో తెలుగు కూలీలు ప్రాణాలు కోల్పోయారు. తగువు పెట్టింది యజమానులు, నెత్తురోడింది రెండువైపులా పేదవాళ్లు.

కుటుంబాలతో స్థిరపడ్డవారి సంగతి వేరు, వాళ్లకు ఆ ఊరు దగ్గరైంది. అయినా 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డప్పుడు లక్షలమంది భారతీయులు కొండలూ అడవులూ దాటి పారిపోయారు. మిగిలినవారిలో చాలామందిని 1962లో వచ్చిన నేవిన్ సైనిక ప్రభుత్వం, ఆ తర్వాతి జాతీయకరణ తరిమేశాయి. అలా తిరిగొచ్చిన కుటుంబాలు విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపుగా స్థిరపడ్డాయి. బర్మా నూడుల్స్ ఖౌస్వే అక్కడ తిన్నవారికి తెలుసు, ఊరు విడిచినా ఆ ఊరి రుచి వీళ్లను విడవలేదని. తరిమేసిన దేశపు వంటను పిల్లలకు వండిపెట్టారంటే, ఆ నగరం వీళ్ల ఇంట్లోకి వచ్చిందనే అర్థం.

ఇప్పుడు శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కుర్రాళ్లు వెల్డర్లుగా, ఫిట్టర్లుగా, రిగ్గర్లుగా గల్ఫ్‌కు వెళ్తున్నారు. వాళ్లలో చాలామంది బస ఊరి చివర లేబర్ క్యాంపులో. బస్సులో సైటుకు, మళ్లీ బస్సులో గదికి. మేస్త్రీ స్థానంలో ఏజెంటు, స్టీమరు స్థానంలో విమానం వచ్చాయి, అంతే. ‘అక్కడి వాళ్లతో కలవరు’ అని ఈ కుర్రాళ్లను తప్పుబట్టడం అన్యాయం. కలిసే వీలు ఎవరిచ్చారు గనక?

వెళ్లబోయే కార్మికులకు విదేశాంగ శాఖ ఒక్కరోజు శిక్షణ ఇస్తోంది. అది చాలదు. వెల్డింగ్ నేర్పే ప్రతి శ్రీకాకుళం ఐటీఐలో కొన్ని వారాలపాటు మాట్లాడే అరబిక్, అక్కడి కార్మిక చట్టం, పండగలు, మర్యాదలు కూడా నేర్పాలి. పాఠం చెప్పడానికి గల్ఫ్‌లో ఏళ్లు గడిపి వచ్చినవాళ్లు సోంపేట, కవిటి, ఇచ్ఛాపురంలోనే దొరుకుతారు. వాళ్లకు గౌరవవేతనం ఇచ్చి పిలిపించే పని ప్రభుత్వం ఈ విద్యాసంవత్సరమే మొదలుపెట్టాలి.