విదేశమున బిడ్డ చిరునామా



నంద్యాల జిల్లా మిడుతూరు నుండి ఒక సోదరి ఈ నెల మాకొక జాబు వ్రాసినారు. వారి కుమారుడు పై చదువునకై అమెరికాకు వెళ్లి అయిదు మాసములైనదట. దిగిన దినమున ఒక మిత్రుని యింట నుండెను. పిమ్మట రెండిండ్లు మారెను. కళాశాల లెక్కలలో మాత్రము నేటికిని ఆ మిత్రుని చిరునామాయే యున్నది. "అది వట్టి కాగితపు పని, తొందరేమి అమ్మా" యని బిడ్డ నవ్వి యూరకున్నాడట. "మా ఊరిలో ఇంటిపేరు చెప్పిన చాలును, పోస్టుమాను నేరుగా గుమ్మము ముందుకు వచ్చును. అక్కడ చిరునామా మార్పించుకొనకున్న నిజముగా ముప్పు కలదా, లేక నేనే వృథాగా భయపడుచున్నానా?" యని ఆమె ప్రశ్న.

ఆమె భయము వృథా కాదు. ఇట్టి ప్రశ్న నేడు మన జిల్లాలలో ఎన్నో యిండ్లలో నుండదగినది గనుక, ఈ మాసము దీనినే విచారించుచున్నాము.

ఇది మన గృహిణులకు బొత్తిగా తెలియని సంగతి కాదు. ఆడపిల్ల అత్తవారింటికి వెళ్లిన పిదప పుట్టింటి బియ్యం కార్డులో పేరు తీసివేయించి, మెట్టినింటి కార్డులో చేర్పింతుము గదా! ఆలస్యము చేసినచో పేరు నడుమ చిక్కుకొని, ఆఫీసుల చుట్టు తిరుగవలసి వచ్చును. పరదేశమున చదువుకొను బిడ్డ స్థితియు నట్టిదే. అయితే అక్కడ చిక్కులో పడునది బియ్యము కాదు. ఆ దేశమున నుండుటకు గల అనుమతి.

అమెరికాలో ఎఫ్-1 వీసాపై చదువు ప్రతి విద్యార్థి పేరును సెవిస్ అను ప్రభుత్వపు పట్టికలో నుండును. అతడు ఇల్లు మారిన 10 దినములలోపల, కళాశాలలో విదేశ విద్యార్థుల వ్యవహారములు చూచు అధికారికి క్రొత్త చిరునామా తెలుపవలెను. ఆ అధికారి 21 దినములలోపల దానిని పట్టికలో నెక్కించును. వ్రాయించునది తాను నిజముగా నివసించు ఇల్లే కావలెను; వట్టి తపాలా పెట్టె సంఖ్య చాలదు. చదువు ముగిసి ఉద్యోగపు వీసాకు మారిన పిమ్మట కళాశాల అండ యుండదు. అప్పుడు ఎ.ఆర్.-11 అను పత్రమును ఆ 10 దినములలోనే తానే ప్రభుత్వమునకు పంపుకొనవలెను. ఈ నియమమును మీరినచో జరిమానాకును, 30 దినముల వరకు కారాగారమునకును, తుదకు దేశము నుండి వెడలగొట్టుటకును చట్టమున చోటున్నది. బుద్ధిపూర్వకముగా చేయలేదనియో, తగిన కారణము కలదనియో చూపగలిగిన వారిని వెడలగొట్టకుండుటకును అందే వీలున్నది.

పిల్లలు దీనినెందుకు ఉపేక్షింతురు? పలుమారు కారణము అద్దెయే. ఇద్దరి పేర అద్దెపత్రము వ్రాయించుకొని అయిదారుగురు సర్దుకొందురు. తక్కినవారు తమ పేరు బయటపడిన ఇంటి యజమానితో తగవు వచ్చునని వెనుదీయుదురు. పొదుపు మంచిదే. కాని పేరు చెప్పుకొనరాని యింట కాపురము పొదుపు కాదు.

అబద్ధపు చిరునామా ఎంత కీడు తెచ్చునో మన తెలుగువారికి 2011 జనవరిలో తెలిసినది. కాలిఫోర్నియాలో ప్లెజంటన్ అను ఊర ట్రై-వ్యాలీ విశ్వవిద్యాలయమను నొక సంస్థ యుండెను. అందలి విద్యార్థులలో బహుభాగము భారతీయులు; వారిలో ఆంధ్రదేశపు బిడ్డలు మిక్కిలి పెక్కుమంది. అధికారులు లెక్కలు చూడగా, సగమునకు పైబడిన విద్యార్థులు సన్నీవేల్ అను ఊర ఒకే యింట నున్నట్లు వ్రాసియుండెను! నిజమునకు వారు పలు రాష్ట్రములలో చెల్లాచెదరుగా నుండిరి. అధికారులు సంస్థపై దాడి చేసిరి, అది మూతపడినది. విద్యార్థుల అనుమతి చిక్కులో పడినది. కొందరి కాళ్లకు కడియములవలె రేడియో ట్యాగులు తగిలించిరి. భారత ప్రభుత్వము దీనికి అభ్యంతరము తెలిపెను. ఆ వార్త విని యిక్కడ ఎందరు తల్లులు అన్నము ముట్టకుండిరో! సంస్థను నడపిన స్త్రీకి 2014లో 16 సంవత్సరములకు పైగా కారాగారశిక్ష పడినది. కాని అప్పుచేసి పంపిన తలిదండ్రులకు పోయిన కాలమును, ధనమును ఆ శిక్ష తిరిగి తెచ్చునా?

ఆ సంస్థ దోషములు పెక్కు. చిరునామా అందులో నొకటి. అయినను నేర్చుకొనదగినది కలదు. తన పేరు ప్రక్కన ఏ యిల్లు వ్రాసియున్నదో విద్యార్థి తానే అడిగి తెలిసికొనవలెను.

జర్మనీకి వెళ్లు పిల్లలకు ఈ పని మరింత ముందుగా వచ్చును. ఇంట ప్రవేశించిన రెండు వారములలో ఆ ఊరి కార్యాలయమునకు పోయి పేరు వ్రాయించుకొనవలెను. ఇంటి యజమాని సంతకముతో నొక ధ్రువపత్రము కావలెను. 2015 నవంబరు నుండి అమలులోనున్న చట్టము ప్రకారము ఆ పత్రమిచ్చుట యజమానికి విధి. కనుక ఇల్లు కుదుర్చుకొనునప్పుడే "ఆ పత్రమిత్తురా?" యని యడుగుట మేలు. పన్ను సంఖ్య మొదలైనవి తపాలాలో వచ్చును. ఉత్తరముల పెట్టెపై బిడ్డ పేరు లేకున్న అవి తిరిగిపోవును. ఆ దేశము విడుచునప్పుడు పేరు తీసివేయించుటయు మరువరాదు.

ఇంటనున్న తల్లి చేయదగిన దేమి? బిడ్డ ఇల్లు మారితినని చెప్పిన దినమున మూడు మాటలడుగుడు: ఏ తేదీన మారితివి? కళాశాలకు తెలిపితివా? తెలిపినట్లు ఆధారము దాచుకొంటివా? పాల లెక్క వ్రాయు పుస్తకములోనైనను సరే, తేదీతో పూర్తి చిరునామా వ్రాసి యుంచుకొనుడు. ఇంట నుండు తోడివారిలో ఒకరి ఫోను సంఖ్యయు చేర్చుడు. భారత రాయబార కార్యాలయమున పేరు నమోదు చేసికొమ్మని చెప్పుడు. జబ్బో, ప్రమాదమో సంభవించినపుడు సాయము చేయువారు మొదట వెదకునది చిరునామాయే. ఆ వేళ పాత యింటి తలుపు తట్టి వారు తిరిగిపోరాదు.

మిడుతూరి సోదరికి మా మనవి. గడువు దాటినదని మీ అబ్బాయిని కోపింపకుడు. కోపించిన బిడ్డ తరువాతి ఇల్లు మీకును చెప్పడు. ఈ వారముననే ఆ అధికారి యొద్దకు పోయి, మారిన తేదీలను ఉన్నవి యున్నట్లు చెప్పి, పట్టిక సరిచేయించుకొమ్మనుడు. ఆలస్యమును కప్పిపుచ్చుటకు తేదీ మార్చి వ్రాయవద్దనుడు. ఆలస్యమునకు సమాధానము చెప్పుకొనవచ్చును, అబద్ధమునకు చెప్పుకొనలేము. పని ముగిసిన పిదప ఆ క్రొత్త చిరునామాను మీ పుస్తకములో వ్రాసికొని మాకొక జాబు వ్రాయుడు. మేమును సంతోషింతుము.