వాఫిల్ నిట్ బట్టలు కొనొచ్చా?

ములకలపల్లి నుంచి ఒక చెల్లెమ్మ అడిగిన ప్రశ్న ఇది. "పత్తి అమ్మిన డబ్బులు చేతికొచ్చాయి. పిల్లలకీ, మా ఆయనకీ చలికి ఏమన్నా కొందామని కొత్తగూడెం వెళ్తే, దుకాణంలో వాఫిల్ నిట్ అంటూ ఒక రకం బట్టలు చూపించారు. మామూలు బనియన్ బట్టకన్నా ధర ఎక్కువ. అంత పెట్టి కొనొచ్చా?" అని.

ముందు బట్ట సంగతి చూద్దాం. వాఫిల్ అంటే అచ్చులో పోసి కాల్చే ఒక విదేశీ చిరుతిండి. దాని మీద వరుసగా చదరపు గుంటలుంటాయి. ఈ బట్ట మీదా అలాంటి గుంటలే, తేనెపట్టు గదుల్లాగా కనిపిస్తాయి. ఇది మగ్గం మీద నేసింది కాదు. బనియన్‌లాగే మిషను మీద అల్లింది. అందుకే సాగుతుంది.

కిటుకంతా ఆ గుంటల్లోనే ఉంది. వాటిలో నిలిచిన గాలి ఒంటి వెచ్చదనాన్ని బయటికి పోనివ్వదు. 1933లో నార్వే సైనికాధికారి హెన్రిక్ బ్రున్ ఏకంగా చేపల వలలతోనే బనియన్ తయారుచేశాడు. వినడానికి విడ్డూరమే గానీ, దాని సూత్రమూ ఇదే. అయితే పైన ఒక చొక్కా ఉండాలి సుమా! ఉత్త వాఫిల్ బనియన్‌తో సైకిలెక్కితే, ఎదురుగాలికి గుంటల్లోని వెచ్చదనమంతా పోతుంది.

మీ అడవి అంచు ఊళ్ళలో డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున గట్టి చలి. పొద్దెక్కితే ఎండ. అలాంటి చోట లావుపాటి స్వెట్టర్ కన్నా, చొక్కా లోపల వేసుకునే ఈ బట్ట నయం. ఎండాకాలానికి మాత్రం దీని జోలికి పోకండి. పల్చటి నూలు బట్టకు సాటి వచ్చేది లేదు. నైటీలూ వద్దు. వంటింటి వేడిలో అంత మందపు బట్ట భరించలేరు.

కొనేటప్పుడు నాలుగు విషయాలు చూడండి.

1. బట్టను వెలుతురుకి అడ్డంగా పట్టండి. అవతలి వస్తువులు స్పష్టంగా కనిపిస్తుంటే అల్లిక వదులుగా ఉన్నట్టే.

2. రెండు చేతులతో సాగదీసి వదలండి. వెంటనే దగ్గరికి రావాలి. రాకపోతే నెల తిరక్కుండా మోచేతుల దగ్గర సంచుల్లా వేలాడుతుంది.

3. లోపలి చీటీ చదవండి. నూలు ఎంత, పాలియెస్టర్ ఎంత అన్నది అందులో ఉంటుంది. చీటీ లేకపోతే, ఇంటికొచ్చాక కుట్టు దగ్గర బట్టదారం ఒకటి లాగి జాగ్రత్తగా కాల్చి చూడండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి బూడిదవుతుంది. పాలియెస్టరైతే కరిగి గట్టి పూసలా ముడుచుకుంటుంది.

4. నూలుదైతే ఒక సైజు పెద్దది తీసుకోండి. ఉతికాక పొడవు తగ్గుతుంది.

ఉతకడంలోనూ జాగ్రత్త కావాలి. తిరగేసి చన్నీళ్ళలో జాడించండి. బండకేసి బాదకండి, మెలిపెట్టి పిండకండి. తడి బట్టను భుజాల దగ్గర పట్టి వేలాడదీస్తే బరువుకి సాగిపోతుంది. మంచం మీద పరిచి ఆరేయండి. కట్టెలకీ, ఆకులకీ అడవికి వెళ్ళేటప్పుడు వేసుకోవద్దు. ముల్లు తగిలితే పోగు లేచిపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యం నిప్పు. చలికాలం పిల్లలు చలిమంట చుట్టూ చేరతారు. మీరేమో కట్టెల పొయ్యి ముందు కూర్చుంటారు. పాలియెస్టర్ కలిసిన బట్ట అంటుకుంటే కరిగి చర్మానికి అతుక్కుంటుంది. నూలుబట్టా అంటుకుంటుంది గానీ అలా కరగదు. కాబట్టి పిల్లలకి నూలుదే కొనండి, మంటకి ఎడంగా కూర్చోబెట్టండి. ఒకవేళ ఒంటిమీద బట్ట అంటుకుంటే పరిగెత్తనివ్వకుండా నేల మీద దొర్లించి మంట ఆర్పండి. కాలినచోట 20 నిమిషాలు చల్లటి నీళ్ళు పోయండి. అతుక్కున్న బట్టను పీకకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

ఇక లెక్క. ఒకటి 450 రూపాయలనుకోండి. చలికాలంలో 60 రోజుల చొప్పున రెండేళ్ళు వాడితే 120 సార్లు. అంటే పూటకి నాలుగు రూపాయల లోపే. అదే అల్లిక వదులైనది కొని పది ఉతుకులకే పక్కన పడేస్తే పూటకి 45 రూపాయలు!

అందుకని చెల్లెమ్మా, తెల్లవారకముందే చేనుకెళ్ళే మీ ఆయనకి ఒకటి, పొద్దున్నే బడికెళ్ళే పిల్లలకి ఒక్కొక్కటి నూలువి కొనండి. రంగురంగులవి చూసి జతలు జతలు తీసుకోకండి. మిగిలిన డబ్బుతో మీకూ ఒక మంచి శాలువా కొనుక్కోండి. తెల్లారగట్లే లేచి వాకిలి ఊడ్చేది మీరే కదా!