తీరిక వేళ: నురుగు యంత్రం కొనబోయే ముందు

హోసూరు నుండి ఒక సోదరి వ్రాసిన ఉత్తరం పదిరోజులుగా నా బల్లమీద ఉన్నది. ఆమె కుమారుడు నాలుగడుగుల గాజుతొట్టి తెచ్చి, ఉప్పునీరు నింపి, ఇంట్లోనే పగడాల తోట పెంచుతానని కూర్చున్నాడట. తొట్టి అయింది, దీపాలు అయినవి, ఉప్పు బస్తా అయింది. ఇప్పుడు ప్రొటీన్ స్కిమ్మర్ అనే యంత్రం లేనిదే పని జరగదంటున్నాడు. దుకాణదారు మూడు రకాలు చూపాడట. చిన్నదాని వెలకూ పెద్దదాని వెలకూ నాలుగు రెట్ల తేడా ఉన్నదట. "అన్నగారూ, చేపలకు మేత వేయడం ఎరుగుదును గాని, నురుగు తీయడానికి ఇంత డబ్బు పోయడం ఎక్కడా వినలేదు. ఇది లేకపోతే చేపలు బ్రతకవా? కొనక తప్పదంటే ఏది కొనమంటారు?" అని ఆమె అడిగారు.

ఈ విషయంలో నేను ఒకసారి గట్టిగా దెబ్బ తిన్నవాణ్ణి. అందుచేత జవాబు కొంచెం పొడుగవుతుంది. చేపల గొడవ పట్టనివారు ఈ పేజీ తిప్పేసినా నేనేమీ అనుకోను.

పప్పు ఉడికేటప్పుడు గిన్నె అంచున తెట్టు కట్టడం ప్రతి ఇల్లాలూ చూసినదే. పప్పులోని మాంసకృత్తులు కొన్ని నీటిలోకి దిగుతవి. వాటి అణువులో ఒక కొసకు నీరంటే ప్రీతి, మరొక కొసకు నీరంటే గిట్టదు. ఎక్కడైనా గాలిబుడగ కనిపించిందా, గిట్టని కొసను గాలివైపూ, రెండవ కొసను నీటివైపూ పెట్టుకొని బుడగ చర్మాన్ని అంటిపెట్టుకొంటవి. బుడగ పైకి పోతే అవీ దానితో పోతవి. స్కిమ్మర్‌లో జరిగేది ఇంతే. నిలువుగా ఉన్న గొట్టంలోకి తొట్టినీరు వస్తుంది. అడుగున సన్నని బుడగలు లక్షలకొద్దీ పుడతవి. చేపల జిగురు, రెట్ట, తినక వదిలిన మేతలోని సారం ఆ బుడగలకు పట్టుకొని, నురుగై, ఇరుకైన మెడ గుండా పైకెక్కి ఒక కప్పులో పడుతుంది. రెండు రోజులకు ఆ కప్పులో చేరేది చూడటానికి కషాయంలా ఉంటుంది. వాసన సంగతి చెప్పను.

అదంతా తొట్టిలోనే ఉండిపోతే కుళ్లి అమ్మోనియా అవుతుంది, దానినుండి నైట్రైటు, తరువాత నైట్రేటు. మొదటి రెండూ చేపలకు విషం. మూడవది ఎక్కువైతే పగడాలు డీలాపడి, రాళ్లమీద నాచు పెరుగుతుంది. కుళ్లకముందే చెత్త బయటికి తీసివేయడమే ఈ యంత్రం చేసే ఉపకారం. ఒకసారి నైట్రేటుగా మారినదాన్ని మాత్రం ఇది తీయలేదు. దానికి నీరు మార్చవలసిందే.

ఇంకొక మాట. ఇది ఉప్పునీటికే పనికివస్తుంది. మంచినీటిలో బుడగలు ఒకదానితో ఒకటి కలిసిపోయి, పెద్దవై, గబుక్కున పైకి పోతవి. ఉప్పునీటిలో అంత తొందరగా కలియవు, సన్నగానే ఉండి నెమ్మదిగా ఎక్కుతవి. సముద్రపు అల నురుగు కట్టినట్లు చెరువు అల కట్టకపోవడం చూడండి. 2019 డిసెంబరులో మా చెన్నపట్నం సముద్రతీరం పొడుగునా మోకాటి యెత్తు నురుగు పేరుకొన్నది. పట్నపు మురుగంతా వానలకు కొట్టుకొనిపోయి సముద్రంలో కలిసిన ఫలితమది. పిల్లలు మంచనుకొని అందులో ఆడారు. ఒక విధంగా సముద్రం తన స్కిమ్మర్ తానే నడుపుకొన్నది. కప్పు మాత్రం మన మెరీనా అయింది! మీ ఇంట గోల్డుఫిష్ తొట్టి ఉంటే, దానికి కూడా ఇది పెట్టించండని ఎవరైనా అంటే నమ్మవద్దు.

ఇక, ఇది లేకపోతే బ్రతకవా అన్న ప్రశ్న. బ్రతుకుతవి. ఇండొనీసియాలో లీ చిన్ ఎంగ్ అనే ఆయన సముద్రంలోని సజీవమైన రాళ్లు తెచ్చి పెట్టి, కొద్దిగా గాలిబుడగలు వదిలి, వేరే యంత్రమేదీ లేకుండా పగడాలను పెంచాడు. ఆ పద్ధతి గురించి 1961లో అమెరికా చేపల పత్రికలో వ్రాశాడు. తరువాత 1970వ దశకంలో బెర్లిన్ నగరపు ఔత్సాహికులు ఆ రాళ్లకు తోడు బలమైన స్కిమ్మర్ పెట్టి, కష్టసాధ్యమైన గట్టి పగడాలను కూడా నిలబెట్టారు. అప్పటినుండే ఈ యంత్రానికి ఇంత పేరు. అయితే పేరుకూ పనికీ కొంత దూరమున్నది. 2009లో పెన్సిల్వేనియా రాష్ట్ర విశ్వవిద్యాలయపు రసాయనశాస్త్ర ఆచార్యుడు ఫెల్డ్‌మన్ కొన్ని స్కిమ్మర్లను పరీక్షించి చూస్తే, నీటిలోని సేంద్రియ పదార్థంలో అవి తీయగలిగినది ఇంచుమించు 20 నుండి 35 శాతమే. మిగిలినది బుడగకు అంటే జాతి కాదు. ఒక రకానికీ మరొక రకానికీ ఉన్న తేడా కూడా వాటి వెలలలో ఉన్నంత లేదు. ఈ సంగతి దుకాణంలో ఎవరూ చెప్పరు.

అందుచేత మూడు నాలుగు చిన్న చేపలూ, మెత్తని పగడాలూ ఉన్న చిన్న తొట్టికి, వారానికి పదోవంతు నీరు తప్పక మార్చే ఓపిక ఉంటే, స్కిమ్మర్ కొననక్కరలేదు. నాలుగడుగుల తొట్టిలో పది చేపలు వేసే ఉద్దేశముంటే కొనండి. చెత్త తీయడం ఒక కారణం. రెండవ కారణం అంతకంటె ముఖ్యమని నేను నష్టపోయి తెలుసుకొన్నాను.

మా ఇంట పెళ్లికి చుట్టాలు వచ్చారు. హాల్లో ఇరవైమంది పడకలు. చేపలతొట్టి ఆ హాల్లోనే ఉన్నది. స్కిమ్మర్ బుసబుస మంటుంటే ముసలివారికి నిద్ర పట్టడం లేదని, రాత్రి పూట దాన్ని ఆపాను. నీటిని తిప్పే పంపును కూడా సన్నగా పెట్టాను. మొదటి రెండు రాత్రులు ఏమీ కాలేదు. మూడవ రాత్రి ఉక్కగా ఉన్నదని కిటికీలు మూసి ఏసీ వేశారు. తెల్లవారి చూస్తే, ఏడేళ్లు నా చేతిమీదుగా పెరిగిన పసుపు టాంగ్ చేప ఇసుకమీద ప్రక్కకు వాలి ఉన్నది. క్లౌన్ చేపలు రెండూ నీటిపైకి వచ్చి నోళ్లు తెరచుకొని ఉన్నవి. స్కిమ్మర్ వేయగానే అవి కోలుకొన్నవి. పసుపుది పోయింది. పెళ్లియింట ఎవరితో చెప్పుకొంటాను? దొడ్లో మందారం మొదట పాతిపెట్టి వచ్చి, పందిరి క్రింద నిలుచున్నాను.

జరిగినదేమిటంటే, ఉప్పునీటిలో ప్రాణవాయువు తక్కువగానే పడుతుంది. వేడి పెరిగినకొద్దీ ఇంకా తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 6.7 మిల్లీగ్రాములు, 30 డిగ్రీల దగ్గర సుమారు 6.2. దీపాలు ఆర్పితే నాచూ, పగడాలలోని సూక్ష్మజీవులూ ప్రాణవాయువును తయారు చేయడం మాని తామూ పీల్చుకొంటవి. ఆ వేళ నీటికి గాలి అందించేది పైనీరు కదలడమూ, స్కిమ్మర్ బుడగలూ. నేను రెండింటికీ అడ్డు తగిలాను. గది మూసి ఉండటం మరొక పొరపాటు. మనుషులు వదిలిన బొగ్గుపులుసు గాలినే స్కిమ్మర్ పీల్చినా, నీటి క్షారగుణం తగ్గిపోతుంది. అందుకే కొందరు దాని గాలిగొట్టాన్ని కిటికీ బయటికి పెడతారు. మంచి పద్ధతి.

కనుక, సోదరీ, ఎన్నుకోవడంలో నేను మొట్టమొదట చూడమనేది చప్పుడు. దుకాణంలో నీటిలో పెట్టి నడిపించి వినండి. ఇంట్లోవారు భరించలేని యంత్రాన్ని ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు ఆపుతారు.

తరువాత లెక్క. మీ తొట్టి నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు అన్నారు. తొమ్మిది ఘనపుటడుగులు, అంటే సుమారు 255 లీటర్లు. అంచుదాకా నింపరు, రాళ్లూ ఇసుకా చోటు తింటవి. నిజమైన నీరు 200 లీటర్లు ఉంటుంది. క్రింద బీరువాలో పెట్టిన చిన్నతొట్టి నీరు కలిపితే 250. డబ్బామీద ‘ఇన్ని లీటర్లకు’ అని వేసే అంకె చేపలు పలుచగా ఉన్న తొట్టికి అని అర్థం చేసుకోండి. చేపలు నిండుగా వేసేవారు తమ నీటికి ఒకటిన్నర, రెండు రెట్ల అంకె ఉన్నది తీసుకోవచ్చు. అంతకు మించవద్దు. అబ్బాయి ముచ్చటపడుతున్న వెయ్యి లీటర్లది మీ ఇంటికి కొరగాదు. మెడ వెడల్పైనకొద్దీ దాన్ని నింపడానికి ఎక్కువ చెత్త కావాలి. అది చాలకపోతే నురుగు సగందాకా ఎక్కి విరిగిపోతుంది, కప్పు ఎండిపోయి ఉంటుంది.

ఇక చిన్నది. తొట్టి అంచుకు తగిలించేది, కొయ్య గాలిరాయితో నడిచేది. బుడగ చక్కగా సన్నగా వస్తుంది. కాని ఆ కొయ్య కొద్దివారాలకే మూసుకొనిపోయి మార్చవలసి ఉంటుంది. హోసూరులో అది ఎప్పుడు కావలిస్తే అప్పుడు దొరుకుతుందా? పైగా తగిలించినది ఒలికితే ఒలికేది నేలమీదికి.

నడిమిది, 400 లీటర్లకని వ్రాసినది, సూదుల చక్రం గలది. పంపులోని చక్రానికి రెక్కలకు బదులు సన్నని సూదులుంటవి. అవి గాలిని చీల్చి బుడగలు చేస్తవి. కరెంటు ఖర్చు తక్కువ. దానినే కొనమంటాను. అయితే కొనేముందు మూడు సంగతులు చూడండి. చక్రం విడిగా అమ్ముతారా? బీరువాలో ఎత్తు సరిపోతుందా? సరిపోవడమంటే యంత్రం పట్టడమే కాదు, కప్పును పైకెత్తి తీయడానికి కూడా చోటుండాలి. ఇది మరచి బీరువా పైపలక కోయించినవారిని ఎరుగుదును. మూడవది, అది నిలిచే గదిలో నీటిమట్టం ఎంత ఉండాలని తయారీదారు చెప్పాడు? నీరు ఆవిరైనకొద్దీ మట్టం దిగుతుంది, నురుగు తగ్గుతుంది. చిన్నతొట్టిలో అడ్డగాజు పెట్టించి, స్కిమ్మర్ గదిలో మట్టం మారకుండా చేయించండి. ఆవిరైనదానికి పోయవలసింది మంచినీరే, ఉప్పునీరు కాదు.

కరెంటు పోయినప్పటి సంగతి ఒకటి. పంపు ఆగగానే పైతొట్టిలోని నీరు కొంత క్రిందికి దిగి, చిన్నతొట్టి మట్టం పెరుగుతుంది. కరెంటు రాగానే స్కిమ్మర్ ఆ లోతునీటిలోనే మొదలై, కప్పు నిండి పొర్లి, తీసిన చెత్తంతా మళ్లీ తొట్టిలో పడుతుంది. పది నిమిషాలు ఆలస్యంగా మొదలయ్యే ప్లగ్గు ఒకటి పెడితే ఈ బాధ లేదు.

క్రొత్త యంత్రం వారం, పదిరోజులదాకా సరిగా నురుగు కట్టదు, లేదా ఊరికే పొంగుతుంది. లోపలి గోడల జిడ్డు పోయి, జిగురు పొర పట్టాలి. ఆ రోజుల్లో అబ్బాయి గంటకొకసారి మర తిప్పకుండా చూడండి. నూనెచేతితో తొట్టిలో చెయ్యి పెట్టినా, నూనె గల మేత వేసినా కొన్ని గంటలు నురుగు చస్తుంది. మెడను రెండు మూడు రోజులకొకసారి తుడవాలి. పంపును కొన్ని నెలలకొకసారి వెనిగర్‌లో నానబెడితే సున్నం కరుగుతుంది.

ఉత్తరంలో మీరడగని దొకటి నేనడుగుతాను. ఆ పగడాలు ఎక్కడివి? రాతిపగడాలనూ, సముద్రపు విసనకర్రలనూ 2001లో వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి జాబితాలో చేర్చారు. మన్నారు సింధుశాఖలో పగడాలను ఒకప్పుడు సున్నానికి కూడా తవ్వుకొనిపోయేవారు. అక్కడి 21 దీవులు 1986 నుండి జాతీయ వనం. తక్కువకు ఇస్తామని ఎవరైనా తడిగుడ్డలో చుట్టి తెస్తే, అది పులితోలు కొన్నంత నేరం. మెత్తని పగడాలైనా సరే, ఎక్కడినుండి వచ్చిందో కాగితం చూపగల దుకాణంలోనే తీసుకోమనండి. మెత్తనివి కొద్దిపాటి చెత్తనీటిని ఓర్చుకొంటవి కూడా. అందువల్ల ఆ నడిమి యంత్రం వాటికి ధారాళంగా చాలుతుంది.

ఆ కప్పు కడిగే వంతు ఎవరిదో డబ్బు కట్టకముందే అబ్బాయితో తేల్చుకోండి. వంటింటి తొట్టిలో కడగనివ్వవద్దు. మా ఇంట్లో ఆ వంతు నాది, దొడ్లో కుళాయి దగ్గర.