ఈల వేసేముందు...

మిత్రులారా, మొన్న శనివారం రాత్రి పుప్పాలగూడలో మా పక్క గది కుర్రాళ్ళతో కూర్చుని ఒక కొరియా చిత్రం చూశాను. పేరు ‘మెమరీస్ ఆఫ్ మర్డర్’. 2003లో విడుదలైంది. దర్శకుడు బాంగ్ జూన్ హో. అదేనండీ, 2020లో ‘పారసైట్’తో ఆస్కార్లు పట్టుకుపోయిన ఘనుడే!

కథాకాలం 1986. చిన్న ఊరు, చుట్టూ వరిచేలు. తూములో ఒక స్త్రీ శవం. స్థానిక డిటెక్టివ్ (సాంగ్ కాంగ్ హో) మనిషి కళ్ళలోకి చూసి దొంగెవరో చెప్పేస్తాననే రకం. సియోల్ నుంచి దిగినాయన కాగితాలనే నమ్మే రకం. దొరక్క దొరికిన కాలిముద్ర మీంచి ట్రాక్టరు వెళ్ళిపోతుంటే మా గదిలో ఒకటే నవ్వులు!

తర్వాత స్టేషన్లో అనుమానితుణ్ణి చితకబాదే సీను. అలవాటు కొద్దీ మావాడొకడు ఈల వేశాడు. మన హాళ్ళలో అంతేగా? హీరో ఖాకీ తొడుక్కుంటే నాలుగు తగలాలి, నిజం కక్కాలి, కాగితాలు ఎగరాలి. కానీ ఇందులో దెబ్బలు పడేకొద్దీ నిజం దూరమైపోతుంది. చిత్రం అయ్యేసరికి ఈల వేసినవాడు కిక్కురుమనలేదు.

ఇది ఉత్త కల్పన కాదు సుమా! హ్వాసాంగ్ ప్రాంతంలో 1986-91 మధ్య 10 మంది స్త్రీలు, బాలికలు హతమయ్యారు. వాటిలో ఒక కేసులో 22 ఏళ్ళ పోలియో కుర్రాడొకడు పోలీసుల చేతిలో నేరం ఒప్పుకున్నాడు. దాదాపు 20 ఏళ్ళు జైల్లో మగ్గాడు. ఈ చిత్రం హాళ్ళలో ఆడుతున్నప్పుడూ లోపలే ఉన్నాడు! 2019లో డి.ఎన్.ఏ. పరీక్ష అసలువాణ్ణి పట్టిచ్చింది. అతను లీ చున్ జే, మరో హత్యకేసులో అప్పటికే ఖైదీ. ఆ కుర్రాడు నిర్దోషి అని కోర్టు చెప్పింది 2020 డిసెంబరులో. అప్పటికి అతనికి యాభై దాటాయి.

చివరి షాట్‌లో సాంగ్ కాంగ్ హో తెరలోంచి సూటిగా మనవైపు చూస్తాడు. హంతకుడు హాల్లో కూర్చుని ఉంటాడేమోనని దర్శకుడు అలా తీశారట. హంతకుడు ఆ చిత్రం చూశాడు కూడా. ఏమీ అనిపించలేదని కోర్టులోనే చెప్పాడు!

‘కొరియా గొడవ మనకెందుకు గురూ?’ అంటారా? మన గుంటూరు సంగతి చెప్పనా? 1983లో పొట్టకూటికి అక్కడికి వచ్చిన కోయంబత్తూరు వాసి చంద్రకుమార్‌ను పోలీసులు పట్టుకెళ్ళారు. చేయని నేరం ఒప్పుకొమ్మని హింసించారు. తర్వాత ఆటో నడుపుకుంటూ ఆయన ‘లాకప్’ అని నవల రాశారు. అదే వెట్రిమారన్ ‘విసారణై’ (2015) అయింది, ఉత్తమ తమిళ చిత్రంగా జాతీయ అవార్డు అందుకుంది. జరిగింది మన గడ్డమీద, తీసింది మాత్రం తమిళులు!

దెబ్బలు తిన్నవాడు నేరం ఒప్పుకుంటాడు. అంతమాత్రాన చేసినట్టు కాదు. ఈసారి లాకప్ సీను వస్తే, ఈల వేసేముందు ఒక్క క్షణం ఆ తన్నులు తింటున్నవాడి మొహం చూడండి.

ఉంటాను మరి!