ఉచితంగా బొమ్మ, వెలకు చొక్కా

ఇంటర్నెట్టులో స్వతంత్రంగా బొమ్మల కథలు, అంటే వెబ్ కామిక్సు, వేసే యువకులకు ఒక ఉపదేశం తరచుగా వినిపిస్తున్నది: సొంత కథనూ, బొమ్మల అమ్మకాన్నీ, తక్కిన పనులనూ "సమతూకం"గా నడుపుకోవాలట. ఉపదేశకులు రెండు రకాలు. మొదటివారు మార్కెట్టు భక్తులు. పబ్లిషరు పీడ వదిలింది, ఇక నీ కళకు నువ్వే యజమానివి, కాస్త తెలివిగా కాలం పంచుకో అంటారు. రెండోవారు మనవాళ్ళే. కథ ప్రజలది కనుక ఉచితంగానే ఉండాలట, చొక్కాలమీద బొమ్మలు అచ్చేసి అమ్మడం పతనమట! నాకు పేచీ ఎక్కువగా ఈ రెండోవారితోనే. మొదటివారికి తమ లాభం ఎక్కడున్నదో తెలుసు.

కెనడా చిత్రకారిణి కేట్ బీటన్ సంగతి చూడండి. ఆమెది కేప్ బ్రెటన్ దీవి. 2001 నాటికి అక్కడి బొగ్గు గనులూ, ఉక్కు కర్మాగారమూ మూతబడినవి. పని కావాలంటే పడమటికి వలసపోవలసిందే. చరిత్ర, మానవశాస్త్రం చదివి పట్టా పుచ్చుకునేసరికి ఆమెకు చేతిలో మిగిలింది చదువు తాలూకు అప్పు. అది తీర్చడానికి 2005లో అల్బర్టా చమురు ఇసుక గనులకు పోయి పనిముట్ల గిడ్డంగిలో కొలువు చేసింది. 2007లో మొదలైన "హార్క్! ఎ వేగ్రంట్" అనే వెబ్ కామిక్ ఆ అప్పు రోజుల్లో పుట్టినదే. చరిత్రనూ సాహిత్యాన్నీ ఆటపట్టించే ఆ బొమ్మలను లోకం ఉచితంగా చదివి నవ్వుకున్నది. డబ్బు రావలసింది మాత్రం చొక్కాలనుంచీ, పుస్తకాలనుంచీ, పత్రికలకు వేసిన బొమ్మలనుంచీ.

గనుల్లో తను చూసినదాన్ని 2014లో కొద్ది పుటల్లో గీసి ఇంటర్నెట్టులో పెట్టింది. అది "డక్స్" అనే పూర్తి పుస్తకం కావడానికి మరి 8 ఏళ్ళు పట్టింది. వలస కూలీల ఒంటరితనం, మగవాళ్ళ శిబిరాల్లో స్త్రీ పడే అవస్థ, 2008లో కంపెనీ మురుగు చెరువులో దిగి చచ్చిన 1600 పైచిలుకు బాతులు, ఇవన్నీ అందులో ఉన్నవి. వెబ్ కామిక్ 2018లో ఆగింది. పుస్తకం 2022లో వచ్చింది. మనిషి జీవితంలో ఎనిమిదేళ్ళంటే ఎన్నో కష్టాలుంటాయి, అన్నిటినీ మార్కెట్టు ఖాతాలో వేయను. కాని కార్మిక జీవితంమీద ఇంతటి పుస్తకం రాయగల మనిషి పొట్టకోసం చొక్కాలు అమ్మవలసి వచ్చిందంటే, ఆ ఏర్పాటును "సమతూకం" అనడానికి నోరెలా వస్తుంది? అసలు శ్రమకు వెల లేదు. దాని నీడకు వెల ఉన్నది.

పబ్లిషరు పీడ వదిలిందన్న మాటలోనూ పస లేదు. పాఠకులనుంచి నెలనెలా చందా వసూలు చేసిపెట్టే పేట్రియాన్ సంస్థ 2013లో పుట్టింది. అది తన వంతు కోసుకుంటుంది. ఆపైన ఐఫోను యాప్‌లో కట్టే చందాలమీద 30 శాతం తనకు రావాలని 2024లో ఆపిల్ కంపెనీ పట్టుబట్టింది. షావుకారు పోయి, సంతలో ఆశీలు వసూలు చేసేవాడు వచ్చాడు.

ఇక మనవాళ్ళ సంగతి. శ్రీశ్రీ డబ్బింగు సినిమాలకు రాస్తే, కవికి బతుకుతెరువు అని సరిపెట్టుకున్న వారసత్వం మనది (కొందరు గొణిగారనుకోండి). బొమ్మలవాడి దగ్గరికి వచ్చేసరికి ఆ ఔదార్యం ఏమైంది? నా దగ్గర చదువుకున్న ఒక కుర్రవాడు రాత్రుళ్ళు వెబ్ కామిక్ వేస్తాడు, పగలు పెళ్ళి శుభలేఖలకు వధూవరుల బొమ్మలు గీస్తాడు. అతనిచేత ముఖచిత్రం వేయించుకున్న ఒక అభ్యుదయ ప్రచురణవారు పైసా ఇవ్వలేదు. ఉద్యమం కోసమన్నారు. కాగితం వ్యాపారితో ఆ మాట అనగలరా? అదే మనిషిని తర్వాత ఒక సభలో, శుభలేఖలకు దిగజారాడని ఎద్దేవా చేశారు.

మన పత్రికల జమాఖర్చుల్లో కాగితానికీ, అచ్చుకూ, తపాలాకూ పద్దులుంటాయి. బొమ్మకు ఉండదు. వచ్చే సంచికనుంచి ఆ పద్దు రాయండి, పక్కన అంకె వేయండి. చొక్కాల సంగతి ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.