ఔషధాల వాగులో మొండి బ్యాక్టీరియా

సంగారెడ్డి: పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామికవాడల కాలుష్యం జిల్లావాసులకు కొత్త కాదు. రంగు మారిన వాగులు, రాత్రివేళ ఘాటైన వాసనలు, పాడైన బావులు, ఏళ్ల తరబడి సాగిన వ్యాజ్యాలు అందరికీ తెలిసినవే. అయితే రంగూ వాసనా లేని మరో కాలుష్యం ఇక్కడి నుంచే ప్రపంచ శాస్త్రవేత్తల దృష్టికి వెళ్లింది. అది నీటిలో కలుస్తున్న యాంటీబయాటిక్.

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు యోకిమ్ లార్సన్ బృందం 2007లో ప్రచురించిన అధ్యయనంతో ఈ చర్చ మొదలైంది. సుమారు 90 బల్క్ డ్రగ్ పరిశ్రమల వ్యర్థజలాలు చేరే పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి, శుద్ధి ముగిశాక బయటికి వదిలే నీటిని వారు పరీక్షించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్లు తేలింది. మాత్ర మింగిన రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే వాగు నీటికే ఎక్కువ మందు అందుతోందన్నమాట! ఆ లెక్కన రోజుకు 45 కిలోల మందు వృథాగా పోతోందని, అది 90 లక్షల మంది స్వీడన్ ప్రజలు ఐదు రోజుల్లో వాడే మొత్తానికి సమానమని బృందం అంచనా వేసింది. అప్పట్లో ఆ నీరు ఇసుకవాగు, నక్కవాగుల మీదుగా మంజీరకు చేరేది. తర్వాతి కాలంలో గొట్టపుమార్గం వేసి హైదరాబాద్‌లోని అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి మళ్లించారు. మంజీరకు తప్పిన బెడద మూసీ వైపు మళ్లింది.

శుద్ధి కేంద్రమే శిక్షణ కేంద్రమైంది. వ్యర్థాలను తిని నీటిని శుభ్రపరిచేది అక్కడి బ్యాక్టీరియాయే. వాటికి బలం చేకూర్చేందుకు గృహాల మురుగునీటిని కూడా కలిపేవారు. మనిషి పేగుల నుంచి వచ్చిన సూక్ష్మజీవులు, పలు రకాల యాంటీబయాటిక్‌లు ఒకే తొట్టిలో రోజుల తరబడి కలిసి ఉంటే జరిగేది ఒక్కటే. బలహీనమైనవి చస్తాయి, తట్టుకున్నవి పెరుగుతాయి. పైగా బ్యాక్టీరియా తన నిరోధక జన్యువులను పిల్లలకే కాదు, పక్కనున్న వేరే జాతికి కూడా అందించగలదు. పుణె శాస్త్రవేత్తలు లార్సన్ బృందంతో కలిసి 2013లో వెలువరించిన ఫలితాలు దీనికి నిదర్శనం. ఆ కేంద్రం నుంచి సేకరించిన 93 రకాల బ్యాక్టీరియాను 39 యాంటీబయాటిక్‌లతో పరీక్షించగా, 86 శాతం రకాలు 20 లేదా అంతకంటే ఎక్కువ మందులకు లొంగలేదు.

మొండి బ్యాక్టీరియాకు కారణం పరిశ్రమలొక్కటే కాదు. చీటీ లేకుండా మందుల దుకాణాల్లో సాగే అమ్మకాలు, కోళ్లఫారాల్లో వాడకం కూడా కారణాలే. మందులకు లొంగని బ్యాక్టీరియా నేరుగా కారణమై 2019లో ప్రపంచవ్యాప్తంగా 12.7 లక్షల మంది మరణించినట్లు లాన్సెట్ పత్రిక 2022లో ప్రచురించిన అంచనా పేర్కొంది. కానీ రోగిని, వైద్యుడిని మందలించినంత సులువుగా కర్మాగారపు గొట్టాన్ని ప్రశ్నించడం జరగలేదు.

ముసాయిదాలో ఉంది.. ఉత్తర్వులో లేదు

వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు విధిస్తూ కేంద్ర పర్యావరణ శాఖ 2020 జనవరిలో ముసాయిదా ప్రకటించింది. పరిశ్రమ వర్గాలు అభ్యంతరం తెలిపాయి. 2021 ఆగస్టులో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో ఆ పరిమితులు మాయమయ్యాయి. బీఓడీ, సీఓడీ వంటి అంశాల్లో నీరు ‘ఉత్తీర్ణత’ పొందితే చాలు, అందులో ఎంత మందు ఉందో చూడాల్సిన పని లేకుండా పోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 సెప్టెంబరులో యాంటీబయాటిక్ తయారీ వ్యర్థాలపై తొలిసారి మార్గదర్శకాలు ఇచ్చినా వాటికి చట్టబద్ధత లేదు.

ఢిల్లీ ఉత్తర్వు కోసమే వేచి ఉండాలన్న నియమమూ లేదు. వ్యర్థజలాలకు ప్రమాణాలు నిర్ణయించే అధికారాన్ని 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండళ్లకూ ఇచ్చింది.