టికెట్టు ఎవరి పేరున ఉంది?

మొన్న శుక్రవారం ఆఫీసు క్యాబ్‌లో ఒకాయన ఫోన్లో శాంతిదళాల మీద దాడుల గురించి ఏదో వీడియో చూస్తున్నాడు. పక్కనే ఉన్న మా టీం కుర్రాడు తల కూడా ఎత్తకుండా "వాళ్ళకేంటన్నా, యూఎన్ డాలర్లలో ఇస్తుంది. రిస్కు తెలిసే వెళ్తారు కదా" అన్నాడు. ఆన్‌సైట్ అంటే ఎగిరి గంతేసే జాతి మనది, డాలర్ల గురించి మనమే మాట్లాడాలి మరి! మాదాపూర్ నుంచి మియాపూర్ దాకా నాకు ఒళ్ళు మండుతూనే ఉంది. అక్కడ అనలేకపోయింది ఇక్కడ రాస్తున్నా.

ముందు ఆ డాలర్ల సంగతి. యూఎన్ ఇచ్చేది జవాను చేతికి కాదు, పంపిన ప్రభుత్వానికి. తలకి నెలకి సుమారు 1,400 డాలర్లు. ఇక రిస్కు. మలేరియా వచ్చి పోతే రిస్కు అనండి, ఒప్పుకుంటా. దారి కాసి కాల్చి చంపితే అది నేరం. నేరమన్నాక ఎవడో ఒకడు జైలుకెళ్ళాలి కదా?

2013 ఏప్రిల్ 9న దక్షిణ సూడాన్‌లోని జోంగ్లై రాష్ట్రంలో యూఎన్ కాన్వాయ్‌ని దారికాచి కొట్టారు. ఐదుగురు మన జవాన్లు, వాళ్ళతోపాటు ఏడుగురు పౌరులు పోయారు. అదే ఏడాది డిసెంబరులో అకోబోలో శిబిరం మీద పడి మనవాళ్ళని ఇద్దరిని చంపారు. 2022 జులైలో కాంగోలోని బుటెంబోలో బీఎస్ఎఫ్ వాళ్ళు ఇద్దరు. మొత్తంమీద శాంతిదళాల్లో మనం పోగొట్టుకున్నది సుమారు 180 మందిని (రోగాలూ ప్రమాదాలూ కలిపి). ఇంతమందిని ఇంకే దేశమూ పోగొట్టుకోలేదు.

చట్టం లేదా అంటే, భేషుగ్గా ఉంది. యూఎన్ సిబ్బంది భద్రత కోసం 1994లో ఒక ఒప్పందం రాసుకున్నారు, 1999 నుంచి అమల్లో ఉంది. నిందితుడు దొరికిన దేశం వాణ్ణి తానైనా విచారించాలి, లేదా విచారించే దేశానికి అప్పగించాలి. చదవడానికి ముచ్చటేస్తుంది. కానీ ఈ టికెట్టు అసైన్ అయ్యేది ఎక్కువగా నేరం జరిగిన దేశపు ప్రభుత్వానికే. ఆ ప్రభుత్వానికి చేతకాకపోవడం వల్లేగా శాంతిదళం అక్కడ దిగింది! కొన్నిసార్లు అనుమానం ఆ ప్రభుత్వం మీదే ఉంటుంది. బగ్ రాసినవాడికే క్లోజ్ చేసే హక్కు ఇస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా?

మన పక్కనే శ్రీలంకలో జరిగింది చూడండి. 2006 ఆగస్టులో ముత్తూరులో ఒక ఫ్రెంచి సహాయ సంస్థ ఆఫీసులోనే 17 మంది సిబ్బందిని కాల్చి చంపారు. అందరూ శ్రీలంక వాళ్ళే. పదహారుగురు తమిళులు, ఒక ముస్లిం. ప్రభుత్వ బలగాల పనేనని ఆ సంస్థే 2013లో రిపోర్టు ఇచ్చింది. ఒక్కడికీ శిక్ష పడలేదు. పోనీ 1994 ఒప్పందం అక్కరకొస్తుందా? అది యూఎన్ సిబ్బందికీ, యూఎన్‌తో ఒప్పందం ఉన్నవాళ్ళకీ మాత్రమే. 2005లో దానికో ప్రోటోకాల్ తగిలించి పరిధి పెంచారు గానీ ఈ షరతు మాత్రం అలాగే ఉంచారు. యూఎన్ స్టిక్కర్ లేని సంస్థలో పనిచేసే లోకల్ డ్రైవరు ఎవరికీ పట్టడు. చచ్చేది మాత్రం ఎక్కువగా వాళ్ళే.

అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు చట్టం ఈ విషయంలో మెరుగు. శాంతిదళాల మీదా సహాయ సిబ్బంది మీదా కావాలని దాడి చేస్తే యుద్ధ నేరమే అంటుంది. మరి ఫలితం? 2007 సెప్టెంబరులో డార్ఫుర్‌లోని హస్కనీటాలో ఆఫ్రికన్ యూనియన్ శాంతిదళం వాళ్ళని 12 మందిని చంపారు. ఒక నిందితుడి మీద సాక్ష్యం చాలదని 2010లో అభియోగాలు కొట్టేశారు. ఇంకొకడి మీద 2014లో అరెస్టు వారంటు ఇచ్చారు, ఇప్పటికీ దొరకలేదు.

"అంటే ఇవన్నీ దండగేనా?" అనకండి. 2000లో సియెర్రా లియోన్‌లో ఆర్‌యూఎఫ్ తిరుగుబాటుదార్లు దాదాపు 500 మంది శాంతిసైనికుల్ని పట్టుకున్నారు. కైలాహున్‌లో రెండొందల మందికి పైగా మన సైనికుల్ని రెండు నెలలు దాటి చుట్టుముట్టి ఉంచారు. ఆపరేషన్ ఖుక్రి చేసి బయటపడేశాం, దాని గురించి గొప్పగా చెప్పుకుంటాం. ఆ తర్వాత జరిగింది మాత్రం ఎవరూ చెప్పరు. యూఎన్‌తో కలిసి ఆ దేశంలో ప్రత్యేక కోర్టు పెట్టారు. ఆర్‌యూఎఫ్ నాయకులు ముగ్గురికి 2009లో మిగతా నేరాలతో కలిపి 52, 40, 25 ఏళ్ళ శిక్షలు పడ్డాయి. శాంతిదళాల మీద దాడి నేరానికి అంతర్జాతీయ కోర్టు ఒకటి శిక్ష వెయ్యడం అదే మొదలు. అంటే కోర్టుకి డబ్బూ, మనుషులూ, అడిగేవాళ్ళూ ఉంటే పని జరుగుతుంది.

ఇప్పుడు మన వంతు. 2021 ఆగస్టులో భద్రతా మండలికి మనం అధ్యక్షత వహించినప్పుడు 2589 నంబరు తీర్మానం చేయించాం. నేరస్తుల్ని విచారించాలి, కేసులన్నిటికీ ఆన్‌లైన్ డేటాబేసు పెట్టాలి అన్నారు. మంచిదే. డేటాబేసులు కట్టి బతికేవాణ్ణి, వద్దంటానా? కానీ రో ఇన్సర్ట్ చేసినంత మాత్రాన నిందితుడు అరెస్టవడు. అసైన్డ్ టూ కాలమ్‌లో పేరు లేకపోతే అది లాగ్ ఫైలు, అంతే.

ఐసీసీలో మనం చేరలేదు కాబట్టే ఈ గతి అని కొందరంటారు. అది నిజం కాదు. ఆ కోర్టు చూసేది నేరం ఎక్కడ జరిగింది, చేసినవాడు ఏ దేశస్తుడు అని, చచ్చిపోయినవాడిది ఏ దేశమని కాదు. దక్షిణ సూడాన్ అందులో సభ్యదేశం కాదు, మనం చేరినా జోంగ్లై కేసు దానంతటదే అక్కడికి వెళ్ళదు. కానీ కాంగో సభ్యదేశమే! బుటెంబో సంగతి అక్కడ గట్టిగా అడగొచ్చు. ఆ కోర్టంటే మనకి పడదు కాబట్టి అడగడానికి మొహమాటం. మన అభ్యంతరాలు మనకుండొచ్చు, వాటికి ఆ జవాన్ల కుటుంబాలు ఎందుకు మూల్యం చెల్లించాలి?

బెటాలియన్లు పంపేవాళ్ళం మనం. బేరం మన చేతిలో ఉంది. విచారణ బాధ్యత, గడువు, కుటుంబానికి కేసు వివరాలు చెప్పడం — ఇవన్నీ ఆ దేశంతో యూఎన్ చేసుకునే ఒప్పందంలో రాస్తేనే కొత్త బెటాలియన్ వస్తుందని చెప్పాలి. "మనం మానేస్తే ఇంకో దేశం పంపుతుంది" అంటారేమో. పంపనివ్వండి. ఏ షరతూ లేకుండా పంపి మనం బావుకున్నదేంటి?

జోంగ్లై, అకోబో, బుటెంబో కేసుల్లో విచారణ ఎంతదాకా వచ్చిందో చెప్పమని విదేశాంగ శాఖకి ఆర్టీఐ పెడుతున్నా. పది రూపాయలే ఫీజు. క్యాబ్ కుర్రాడి చేత కూడా ఒకటి పెట్టిస్తా. "విదేశీ సంబంధాల దృష్ట్యా చెప్పలేం" అని రాసినా సరే, వచ్చిన జవాబు వచ్చినట్టే ఇక్కడ పెడతాను.